63 ఏళ్ల వయసులో జారిన ముక్కు కొన: ఆపరేషన్ చేయించుకోవచ్చా?

అమ్మా, మీరు రాసిన దాంట్లో ముఖ్యమైనవి ఒకసారి వరసగా పెడతాను. మీకు 63 ఏళ్లు. పదేళ్లుగా ముక్కు కొన కిందికి దిగుతోంది. పక్క నుంచి తీసిన ఫొటోల్లో ముక్కు పొడుగ్గా, మధ్యలో గుబ్బగా కనిపిస్తోంది. రాత్రిళ్లు కుడివైపు బిగుసుకుపోతోంది. బీపీకి మాత్ర వేసుకుంటున్నారు. రెండేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు, రోజూ ఆస్పిరిన్ నడుస్తోంది. ఒక క్లినిక్‌లో "ఆపరేషన్ దేనికి, పావుగంటలో ఇంజక్షన్‌తో సరిచేస్తాం" అన్నారు. పిల్లలేమో "ఈ వయసులో ఇదేంటమ్మా" అంటున్నారు. ఏం చేయాలో చెప్పమన్నారు.

ముక్కు ఆపరేషన్లు చేసే డాక్టరుగా నా మాట ఇది. చేయించుకోవచ్చు. ఇన్నేళ్లు దాటితే చేయకూడదని ఎక్కడా గీత లేదు. కానీ ఆ ఇంజక్షన్ వద్దు. గుండె డాక్టర్ సరే అనకముందే తేదీ పెట్టుకోవద్దు. ముక్కు రూపమే మార్చేసే పెద్ద ఆపరేషన్‌కి అసలే ఒప్పుకోవద్దు. పాతికేళ్ల అమ్మాయికి చేసేదాన్నీ మీకు చేసేదాన్నీ రైనోప్లాస్టీ అనే అంటారు, కానీ పని వేరు. ఆ వయసులో ఎక్కువగా తీసేస్తాం, మీ వయసులో ఎక్కువగా నిలబెడతాం. కొందరు సర్జన్లు కూడా ఈ తేడా పట్టించుకోరు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ముక్కు ఎందుకు జారుతుందో చూద్దాం. ముక్కులో పై భాగం గట్టి ఎముక, కింది భాగం కార్టిలేజ్, అంటే మెత్తటి ఎముక. కొన దగ్గర రెండు పక్కలా వంపు తిరిగిన కార్టిలేజ్ ముక్కలుంటాయి. అవి ఒకదాన్నొకటి, పైనున్న కార్టిలేజ్‌నీ, మధ్యగోడనీ సన్నటి పీచుకట్లతో పట్టుకుని నిలబడతాయి. వయసు మీద పడేకొద్దీ ఆ కట్లు సాగుతాయి. గుంజలు వదులైన పందిరిలా కొన వాలిపోతుంది. దానికితోడు ముక్కు అడుగున ఉండే పైదవడ ఎముక కొంచెం కొంచెంగా అరుగుతుంది. పై పళ్లు ఊడిపోయినవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. చాలామందికి కొన మీది చర్మం మందమై బరువు కూడా పెరుగుతుంది. వయసొస్తే ముక్కు పెరుగుతుందని అంటుంటారు కదా, చాలావరకు అది పెరగడం కాదు, జారడం. ముక్కు అడుగుకీ పైపెదవికీ మధ్య కోణం ఆడవాళ్లలో మామూలుగా 95 నుంచి 110 డిగ్రీలు, మగవాళ్లలో 90 నుంచి 95 దాకా ఉంటే చూడ్డానికి బాగుంటుందని లెక్క. కొన దిగిపోతే ఈ కోణం 90 కంటే కిందికి పోతుంది. ముక్కు పొడుగైనట్టు కనిపించేది అందుకే.

మీరు చెప్పిన గుబ్బ సంగతి కూడా ఇంతే కావచ్చు. అద్దం ముందు పక్కకి తిరిగి కూర్చుని, రెండో అద్దం చేత్తో పట్టుకోండి. చూపుడు వేలితో ముక్కు కొనని కింద నుంచి మెల్లగా, మూడు నాలుగు మిల్లీమీటర్లు మించకుండా పైకి ఎత్తండి. రెండు విషయాలు గమనించండి. ఒకటి, గుబ్బ తగ్గినట్టు అనిపిస్తోందా? రెండు, గాలి తేలిగ్గా ఆడుతోందా? రెండింటికీ అవుననే జవాబొస్తే మీ ముక్కు దూలం జోలికి వెళ్లాల్సిన అవసరం దాదాపు లేదు, కొనని ఎత్తి నిలబెడితే చాలు. నా దగ్గరికి "గుబ్బ తీసేయండి" అని వచ్చే పెద్దవాళ్లలో చాలామంది, ఈ అద్దం పరీక్ష చేయించాక ఆ మాట మర్చిపోతారు.

పై వరస పళ్లు లేకపోయినా, కట్టుడు పళ్లు వదులై పెదవి లోపలికి పోయినట్టున్నా ముందు పళ్ల డాక్టర్ని కలవండి. సెట్టు సరిగ్గా కుదిరితే పైపెదవికి దన్ను దొరుకుతుంది, పక్క నుంచి చూసినప్పుడు ముక్కు కూడా కొంత మెరుగ్గా కనిపిస్తుంది. ముక్కు కొలతలు తీసుకోవాల్సింది ఆ తర్వాతే.

ఇక ఊపిరి. మీ విషయంలో నాకు అందం కంటే ఇదే పెద్ద ప్రశ్న. పడుకున్నప్పుడు కింద ఉన్న వైపు ముక్కు బిగుసుకోవడం అందరికీ ఉండేదే. మీరు ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే ఎడమవైపు బిగుసుకుని కుడివైపు తెరుచుకుంటోందంటే కంగారు పడక్కర్లేదు. ఎటు తిరిగినా కుడివైపే మూసుకుపోతోందంటే మాత్రం మధ్యగోడ వంకర ఉండొచ్చు, లేదా లోపలి వాల్వ్ దగ్గర గోడ లోపలికి కూలుతూ ఉండొచ్చు. ఈ వాల్వ్ ముక్కు మొత్తంలో ఇరుకైన చోటు, అక్కడ కోణం మామూలుగానే 10 నుంచి 15 డిగ్రీలే. కార్టిలేజ్ బలహీనపడితే గాలి గట్టిగా పీల్చినప్పుడల్లా పక్కగోడ లోపలికి అతుక్కుంటుంది. దీనికీ ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. ముక్కు పక్కన బుగ్గ మీద వేలు పెట్టి చెవివైపు కొంచెం లాగి పీల్చండి. హాయిగా అనిపిస్తే వాల్వ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఇంకో మార్గం, మందుల షాపులో దొరికే ముక్కు పట్టీలు, అదే పైనుంచి అడ్డంగా అంటించేవి, కొన్ని రాత్రులు వాడి చూడడం. నిద్ర మెరుగైతే ఆపరేషన్‌లో ఏం చేయాలో కూడా కొంత తెలిసినట్టే.

ఒకవైపే ముక్కు మూసుకుపోవడం ఈమధ్యే మొదలైనా, దానితోపాటు రక్తం చారలు కనిపించినా, వాసన తెలియకపోయినా, అందం మాట పక్కనపెట్టి వెంటనే ఈఎన్‌టీ డాక్టర్‌తో ఎండోస్కోపీ చేయించుకోండి. పెద్ద వయసులో పాలిప్ (లోపల పెరిగే మెత్తటి కండ) గానీ గడ్డ గానీ లేదని తేల్చుకోకుండా కత్తి పట్టుకోకూడదు. ముక్కు మీద మానని పుండు, మెరిసే చిన్న బుడిపె, పదేపదే పొరలు రాలి రక్తం వచ్చే మచ్చ ఉన్నా చర్మ డాక్టర్‌కి చూపించాలి. ఎండ ఎక్కువగా తగిలే చోటు కాబట్టి చర్మ క్యాన్సర్లు ముక్కు మీద తరచుగా వస్తాయి. తొందరగా కనిపెడితే చాలావరకు నయమవుతాయి.

తినేటప్పుడు ముక్కు నుంచి నీళ్లు కారడం కూడా ఈ వయసులో చాలామందికి ఉంటుంది. అది ఆపరేషన్‌తో పోదు. ఇప్రట్రోపియం అనే స్ప్రే దానికి పనిచేస్తుంది, డాక్టర్ని అడిగి వాడొచ్చు. ముక్కు తెరుచుకోవడానికి ఆక్సీమెటజోలిన్ లాంటి చుక్కలు వారాల తరబడి వేసుకుంటున్నారేమో కూడా చూసుకోండి. మూడు నుంచి ఐదు రోజులు దాటితే ఆ చుక్కలే ముక్కుని బిగించేస్తాయి, పైగా బీపీ ఉన్నవాళ్లకి అవి మంచివి కావు. ఆ అలవాటు మాన్పించాకే అసలు ఇబ్బంది ఎంతో తేలుతుంది.

ఇంజక్షన్ గురించి ఇంత గట్టిగా ఎందుకు వద్దన్నానంటే, అది ఫిల్లర్, అంటే చర్మం కింద హైలురోనిక్ యాసిడ్ జెల్ నింపడం. గుబ్బకి పైనా కిందా నింపి దూలం తిన్నగా ఉన్నట్టు చూపిస్తారు. మీకున్నది కొన జారడం, జారిన దాన్ని జెల్ మోయలేదు. ఊపిరికి దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. కొన్ని నెలల నుంచి ఏడాది, ఏడాదిన్నర లోపు కరిగిపోతుంది, మళ్లీ వేయించుకోవాలి. అసలు భయం వేరే ఉంది. ముక్కు మీది రక్తనాళాలు కంటికి రక్తం ఇచ్చే నాళాలతో కలిసి ఉంటాయి. జెల్ పొరపాటున నాళంలోకి వెళితే చర్మం చచ్చి నల్లబడొచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. ఫిల్లర్ వల్ల చూపు పోయిన కేసులు మొహంలో ఎక్కువగా నమోదైన చోట్లలో ముక్కు ఒకటి. చూపు పోతే తిరిగి రావడం చాలా కష్టం. పావుగంట పని అని చెప్పినవాళ్లు ఈ విషయం కూడా చెప్పారా? దారాలతో లాగి ఎత్తుతామని చెప్పేవాళ్లు కూడా ఉంటారు. బరువైన పెద్దవాళ్ల ముక్కుకి దారాలతో ఎక్కువ రోజులు నిలిచే ఫలితం నేను చూడలేదు.

ఇప్పుడు గుండె సంగతి. స్టెంట్ వేసిన తొలి ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఇలాంటి తొందరలేని ఆపరేషన్లు పెట్టుకోరు. మీకు రెండేళ్లు గడిచాయి కాబట్టి ఆ గండం దాటినట్టే. కానీ ఆస్పిరిన్ ఉంది. ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టే ప్రమాదం, ఆపకపోతే ముక్కులో రక్తస్రావం, కళ్ల చుట్టూ ఎక్కువగా కమలడం. ఈ రెండింట్లో ఏది ఎంతో తూచాల్సింది మీ కార్డియాలజిస్ట్. ఆయన రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఒక్క మాత్ర కూడా మానొద్దు. ఆపడానికి లేదని ఆయన అంటే, ఆస్పిరిన్ మీదే చేయగలిగినంత చిన్న పని చేయడమా, అసలు మానుకోవడమా అన్నది సర్జన్ మీతో కూర్చుని తేల్చుకోవాలి. "ఐదు రోజులు ఆపేయండమ్మా, ఏం కాదు" అని ఏ ఉత్తరమూ అడక్కుండా చెప్పే సర్జన్‌ని నేనైతే మా ఇంట్లోవాళ్ల ముక్కు ముట్టుకోనివ్వను. చేప నూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి, జింకో లాంటి మాత్రలు మందులని ఎవరూ అనుకోరు, అడిగినప్పుడు చెప్పరు. వాటివల్ల కూడా రక్తస్రావం పెరగొచ్చు. రెండు వారాల ముందే ఆపమంటాం. అన్నీ ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.

బీపీ 180/110 దాటి ఉంటే ఆ రోజుకి వాయిదా వేస్తారు. నిజానికి ముక్కు ఆపరేషన్‌కి అంతకంటే చాలా కిందే ఉండాలి, ఎందుకంటే బీపీ పెరిగితే రక్తం కారుతుంది, రక్తం కారితే సర్జన్‌కి లోపల కనిపించదు. రక్తం తగ్గడానికి ముక్కులో ఎక్కించే మందులో అడ్రినలిన్ ఉంటుంది, అది గుండె వేగం పెంచుతుంది. మీకు స్టెంట్ ఉందని మత్తు డాక్టర్‌కి ముందే తెలిస్తే మోతాదు తగ్గించి జాగ్రత్తగా వాడతారు. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకోవాలి. పొగ తాగేవాళ్లు కనీసం నాలుగు వారాల ముందు మానాలి. గట్టిగా గురక పెట్టి, పగలు కునుకు తీస్తుంటారా? అయితే స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు, ఉందేమో ముందే పరీక్ష చేయించాలి, ఎందుకంటే ఆపరేషన్ తర్వాత ముక్కు మూసుకుపోయి ఉన్న రాత్రులే వీళ్లకి అసలు గండం. పెద్దవాళ్లలో కొందరికి మత్తు దిగాక ఒకటి రెండు రోజులు అయోమయంగా ఉంటుంది. ఇంట్లో మతిమరుపు ఛాయలు ఇప్పటికే కనిపిస్తుంటే అది దాచకండి. మగవాళ్లైతే ప్రొస్టేట్ ఇబ్బంది కూడా చెప్పాలి, మత్తు తర్వాత మూత్రం బిగుసుకోవచ్చు.

ఇవన్నీ సరిపోతే ఆపరేషన్‌లో ఏం చేస్తారు? మధ్యగోడ వంకర ఉంటే తిన్నగా చేసి, అక్కడ తీసిన కార్టిలేజ్ ముక్కనే కొన కింద నిలువుగా దన్నుగా పెట్టి కుడతారు. సాగిపోయిన కట్ల బదులు కుట్లతో కొనని మధ్యగోడకి బిగిస్తారు. వాల్వ్ ఇరుకైతే పక్కగోడకి సన్నటి కార్టిలేజ్ బద్దలు పెడతారు. గుబ్బ మిగిలితే పైపైన ఒకటి రెండు మిల్లీమీటర్లు అరగదీస్తే సరిపోతుంది. పెద్దవాళ్లలో ఎముక పలచగా, పెళుసుగా ఉంటుంది. కుర్రవాళ్లలో తిన్నగా విరిగే ఎముక ఇక్కడ పలు ముక్కలై లోపలికి కుంగొచ్చు. అందుకే ఎముక విరవకుండా పని కానిస్తే నాకు సంతోషం. తప్పనిసరైతే అల్ట్రాసౌండ్ కంపనాలతో కోసే పీజో పరికరం ఉన్నచోట కొంత మేలు. మధ్యగోడలో సరిపడా కార్టిలేజ్ లేకపోతే చెవి వెనక నుంచి తీస్తారు. పక్కటెముక కార్టిలేజ్ ఈ వయసుకి సున్నం పట్టి రాయిలా తయారై ఉంటుంది, చెక్కడానికి లొంగదు.

చర్మం సంగతి విడిగా చెప్పాలి. కుర్రవాళ్ల చర్మం కింది ఆకారానికి తగ్గట్టు ముడుచుకుంటుంది. పెద్దవాళ్లది అంతగా ముడుచుకోదు. దూలం మీద చర్మం పలచబడితే లోపలి చిన్న గరుకు కూడా బయటికి తెలుస్తుంది, కొన మీద మందంగా ఉంటే లోపల ఎంత చెక్కినా బయటికి తెలియదు. మరీ వదులుగా ఉన్నవాళ్లకి, ముఖ్యంగా 70 దాటాక, రెండు కనుబొమ్మల మధ్య మడతలో కొంచెం చర్మం కోసి కొనని పైకి లాగే పద్ధతి ఒకటుంది. మచ్చ ముడతలో కలిసిపోతుంది. పెద్ద పని కాదు, తక్కువ మత్తుతో అవుతుంది. మీకు గుండె విషయంలో పెద్ద ఆపరేషన్ కుదరదంటే దీని గురించి తప్పకుండా అడగండి.

తర్వాత రోజులు ఎలా ఉంటాయి? ముక్కు మీద స్ప్లింట్, అంటే కదలకుండా పట్టి ఉంచే గట్టి కట్టు, వారం రోజులు. కళ్ల కింద కమిలిన రంగు మామూలుగా 10 నుంచి 14 రోజులు, ఆస్పిరిన్ మీద ఉంటే ఇంకొన్నాళ్లు. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి, రెండు వారాలు ముక్కు చీదకూడదు, నెల దాకా బరువులు ఎత్తకూడదు. పూర్తి వాపు తగ్గి అసలు ముక్కు కనిపించడానికి ఏడాది పడుతుంది, పెద్దవాళ్లకి అంతకంటే ఎక్కువ కూడా. మూడో నెలలో అద్దం చూసుకుని టెన్షన్ పడేవాళ్లు బోలెడుమంది. ఇంకొకటి, ఎవరూ ముందుగా ఆలోచించనిది, కళ్లజోడు. ఎముక ముట్టుకుంటే నాలుగు నుంచి ఆరు వారాలు ముక్కు మీద కళ్లజోడు ఆనకూడదు. చదవడానికీ నడవడానికీ జోడు లేనిదే కుదరని వయసులో ఇది చిన్న విషయం కాదు. జోడు బరువు ముక్కు మీద పడకుండా ఫ్రేమ్‌ని నుదుటికి టేపుతో అంటించే పద్ధతి ఉంది, ముందే అలవాటు చేసుకోండి. కంటి శుక్లం ఆపరేషన్ ఎలాగూ దగ్గర్లో ఉంటే అది ముందు అయిపోనివ్వడం మంచిది.

పిల్లల మాట. వాళ్లు భయపడేది గుండె గురించైతే వాళ్లనీ కార్డియాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి, సగం గొడవ అక్కడే తీరుతుంది. "ఈ వయసులో అందమేంటి" అన్నదే అభ్యంతరమైతే దానికి వైద్యపరంగా నా దగ్గర జవాబేం లేదు, మొహం మీది. కానీ మీ చేత నేను తప్పకుండా అడిగిస్తాను: ఇప్పుడే ఎందుకు? దగ్గరివాళ్లు పోయిన దుఃఖంలోనో, ఉద్యోగం వదిలిన కొత్తలోనో ఉంటే కొన్ని నెలలు ఆగమంటాను. రోజంతా ముక్కు గురించే ఆలోచన నడుస్తుంటే, అద్దం దగ్గర గంటలు గడుస్తుంటే, ముందు సైకియాట్రిస్ట్‌ని కలవమంటాను. అలాంటివాళ్లకి ఎంత మంచి ఆపరేషన్ చేసినా తృప్తి దొరకదు. మీ ఉత్తరంలో అలాంటి ఛాయలేవీ లేవు.

అరవై ఏళ్లు చూసుకున్న మొహంలో ముక్కు ఒక్కసారిగా చిన్నదైపోతే పక్కవాళ్లకంటే మీకే కొత్తగా, పరాయిగా అనిపిస్తుంది. కాబట్టి నలభైల్లో పక్క నుంచి తీసిన మీ ఫొటో ఒకటి వెతికి సర్జన్‌కి చూపించండి. "ఇంత దాకా చాలు" అనండి. వేరే ఎవరి ఫొటో తీసుకెళ్లొద్దు. కంప్యూటర్‌లో చేసి చూపించే బొమ్మని మాటల కోసమే వాడుకోండి, హామీ అనుకోవద్దు. రెండోసారి సరిచేయాల్సి రావడం ఈ ఆపరేషన్‌లో నూటికి 5 నుంచి 15 మంది దాకా ఉంటుంది. అప్పుడు ఖర్చు ఎవరిదో, ఎవరు చేస్తారో మొదటి రోజే అడగండి. మీ వయసువాళ్లకి చేసి ఏడాది దాటిన ఫొటోలు చూపించమనండి. నెల ఫొటోలు వాపు ఫొటోలే.

ముందు కార్డియాలజిస్ట్‌ని కలవండి, తర్వాత ఈఎన్‌టీ ఎండోస్కోపీ. కుడివైపు మధ్యగోడ వంకరో వాల్వ్ ఇరుకో తేలితే, ఊపిరి కోసం ఎలాగూ మత్తు తీసుకుంటారు కాబట్టి కొన ఎత్తడం కూడా అదే రోజు చేయించుకోండి. స్టెంట్ ఉన్నవాళ్లకి రెండుసార్లు మత్తు అనవసరం. లోపల ఏమీ లేదని, ఊపిరి బాగానే ఉందని తేలితే మాత్రం కేవలం ఫొటో కోసం ఆస్పిరిన్ ఆపే ఆపరేషన్‌కి నేను మొగ్గు చూపను, కనుబొమ్మల మధ్య చేసే ఆ చిన్న పని గురించి అడిగి చూడమంటాను.